చిక్కుదారిలో జిగురుబూజు

జపాను శాస్త్రజ్ఞుడు తొషియుకి నకగాకి, ఆయన సహచరులు 2000 సంవత్సరమున ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఒక్క పుటకు మించదు. మెదడు లేని జిగురుబూజు చిక్కుదారిని ఛేదించినదని దాని సారాంశము. ఇది కణములందలి ఆదిమమైన బుద్ధికి నిదర్శనమని కూడ రచయితలు సూచించినారు. ఆక్షేపణ ఈ మాటమీదనే.

వానకాలమున కుళ్ళిన మొద్దులపై పసుపుపచ్చని వలవలె ప్రాకు ఈ జీవికి బూజు అని పేరేగాని, ఇది శిలీంధ్రము కాదు. బాక్టీరియాలను, శిలీంధ్రబీజములను మ్రింగి బ్రతుకు అమీబా వంటిది. జానెడు మేర పరచుకొన్నను ఒకే కణము. అందలి కేంద్రకములు మాత్రము లెక్కకు మిక్కిలి. ఈ దశకు ప్లాస్మోడియము అని పేరు. (మలేరియా క్రిమి పేరును ఇదే, రెంటికిని చుట్టరికము లేదు.) ప్రయోగమునకు తీసికొన్నది ఫైసారమ్ పాలిసెఫాలమ్ అను జాతి.

వారు ఈ జీవిని వాకిట విడిచి దారి వెదకనీయలేదు. ముక్కలుగా చేసి చిక్కుదారి అంతట ఉంచినారు. అవి పెరిగి, కలిసి, ఒకే జీవియై ప్రతి సందును నింపినవి. ఆ తరువాతనే రెండు కొనలందును ఓట్స్ ఆహారము పెట్టినారు. అంతట మూసుకొనిపోయిన సందులలోని భాగము ముడుచుకొన్నది. కడకు రెండు ఆహారములను కలుపు దగ్గరి దారివెంట లావైన నాళ మొకటి మిగిలినది. అభిమన్యుడు పద్మవ్యూహమును చొరవలసి వచ్చినది. ఈ జీవి ముందే వ్యూహమంతయు నిండియున్నది! పైగా రెండు దారుల పొడవు దాదాపు సమానమైన చోట ఒకమారు ఒకటి, వేరొకమారు రెండవది మిగిలినది.

నాళములలో జీవద్రవ్యము ఒకటి రెండు నిమిషములకొకమారు దిశ మార్చుకొని పారుచుండును. ప్రవాహ మధికమైన నాళము లావెక్కును, తగ్గినది సన్నగిల్లును. నీరు పారినకొలది పంటబోదె లోతుగా కోసుకొనినట్లు. దీనికి బుద్ధి అని పేరు పెట్టి ఊరకున్నచో, ఈ ప్రవాహపు లెక్కను తేల్చు పని మిగిలిపోవును.

ఆ పనిని అత్సుషి తెరో, నకగాకి మున్నగువారు 2010లో ‘సైన్స్’ పత్రికలో చాలవరకు నెరవేర్చినారు. టోక్యో పరిసర నగరముల స్థానములలో 36 ఆహారపు తునకలుంచి, జీవి అల్లిన వలను అక్కడి రైలుమార్గములతో పోల్చినారు. ఖర్చు, రవాణా సౌలభ్యము, ఒక దారి తెగినను నిలువగల శక్తి — ఈ మూడింటిని కొలిచి, సమీకరణములు కూర్చినారు. మొదటి వ్యాసముకంటె ఇది మేలైనది.

అయినను రెండును అగారు పలకమీది ప్రయోగములే. మొద్దుపై ఆహారము రెండు కొనలందు సిద్ధముగా నుండదు; తేమ పూటకొక తీరుగా నుండును. ఆరిపోయిన ఈ జీవి గట్టి పెచ్చుగా మారి మరల తడికై వేచియుండును. ఆకలిగొన్నపుడు వెలుగు సోకిన, ప్రాకుట మాని బీజకోశములను ధరించును. చిక్కుదారి ప్రయోగములో ఇవేవియు పరీక్షకు రాలేదు.