బెడ్డు మీద నల్ల నూనె

కోరుకొండ చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో బోరు మోటారు షాఫ్టు అరిగినా, ట్రాక్టరు పిన్ను వదులైనా, రైసుమిల్లులో బేరింగు కూర్చునే చోటు పాడైనా రైతు పరిగెత్తేది లేత్ వర్క్స్‌కే. ఇంతమంది పని నిలబెట్టే ఆ లేత్ మిషను బెడ్డు మీద చాలాచోట్ల పోసేది మాత్రం ట్రాక్టరు ఇంజనులోంచి దించేసిన నల్ల నూనె. ఈ అలవాటు పోవాలని ఎక్కడ కూర్చున్నా చెబుతూనే ఉంటాను.

"ఏ నూనైతే ఏటండీ, జారితే చాలు కదా" అంటారు కుర్రాళ్లు. జారుతుంది. కానీ అందులో మసి ఉంది, కంటికి కనపడని ఇనుప నలుసులున్నాయి. అసలు ఇంజనాయిల్ కొత్తదైనా గేర్లుండే లేత్ హెడ్‌స్టాక్‌కి నప్పదు. మురికిని అడుక్కి దిగనివ్వకుండా తనలోనే తేల్చి ఉంచే మందు అందులో కలుపుతారు. ఇంజనుకి ఫిల్టరుంది, సరిపోయింది. మామూలు లేత్‌కి అది ఉండదు, మురికి అడుగున పేరుకుంటేనే గేర్లకి మేలు. బెడ్డుకైతే 68 నంబరు స్లైడ్‌వే ఆయిల్ పోయాలి. ఇనుముని పట్టుకుని వదలదు, బెడ్డు మీద నడిచే సాడిల్‌ని ఆగి ఆగి దూకనివ్వదు.

నూనె కన్నా ముందు గుడ్డ. పోత ఇనుము తిప్పిన రోజున రాలే పొడిలో అచ్చు ఇసుక కూడా ఉంటుంది. దాన్ని తుడవకుండా నూనె పోస్తే రెండూ కలిసి వాల్వులు నూరే పేస్టులా తయారవుతాయి. కంప్రెసరు గాలి కొట్టడం మరీ అన్యాయం, రజనంతా సాడిల్ కిందకి దూరుతుంది. బ్రష్షుతో లాగి, గుడ్డతో తుడిచి, అప్పుడు నూనె. సాడిల్ అంచున ఉండే ఫెల్టు ముక్కల్ని విప్పి చూసేవాళ్లు తక్కువ. అవి గట్టిపడి రజను పట్టేస్తే వెళ్లిన దారంతా ఆకురాయిలా గీసుకుపోతాయి. కిరసనాయిల్లో కడిగి, నూనెలో నానబెట్టి మళ్లీ బిగించాలి.

అరుగుదల ఎక్కడుందో తెలుసుకోవడం తేలికే. పనంతా ముక్కని పట్టే చక్ పక్కనే జరుగుతుంది కాబట్టి బెడ్డు అక్కడే తింటుంది. ఆ వదులు పోయేలా సాడిల్ బిగించి అవతలి కొసనున్న టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకెళ్లండి, చెయ్యి బరువెక్కి చివరికి పట్టేస్తుంది. అలాంటి మిషను మీద పొడుగు షాఫ్టు తిప్పితే రెండు కొసల కొలత ఒకటి కాదు. తప్పు టర్నరు మీదకొస్తుంది. బాగుచెయ్యాలంటే బెడ్డు విప్పి, లారీకెక్కించి గ్రైండింగుకి పంపాలి. ఆ ఖర్చు ముందు మంచి నూనె ధర ఏపాటి?

దసరాకి మన షాపుల్లో లేత్‌కి రంగేసి పూజ చేస్తారు. ఆ భక్తి నాకూ ఉంది. కానీ ఆ రంగు నూనె పోసే చిల్లుల మీద ఎండిపోతే లోపలున్న బుష్షుకి ఏడాదంతా చుక్క అందదు. రంగేసే ముందు చిల్లులకి టేపు అంటించాలి. బొట్టు హెడ్‌స్టాక్ మూత మీద పెట్టాలి. తడి పసుపు, కుంకుమ బెడ్డు మీద ఉండిపోతే కింద తుప్పు లేస్తుంది.

ఇక వానాకాలం. కూలెంట్ నీళ్లు సాడిల్ కింద నిలిచి రాత్రికి రాత్రే గోధుమరంగు మచ్చ కడతాయి. షట్టరు దించే ముందు సాడిల్‌ని టెయిల్‌స్టాక్ వైపుకి తెచ్చి, అది నిలబడ్డ చోటంతా ఆరబెట్టి, నూనె రాసి, రెండుసార్లు అటూ ఇటూ తిప్పాలి. పావుగంట చాలు. కుర్రాడి జీతంలో ఆ పావుగంటా పనికిందే లెక్కవెయ్యమని యజమానులకి నా మనవి.