లుప్త సూక్ష్మజీవుల వాదం: మార్టిన్ బ్లేజర్ 'మిస్సింగ్ మైక్రోబ్స్' గ్రంథ విమర్శ

పేగులోని సూక్ష్మజీవ సముదాయం గురించి సామాన్య పాఠకుల కోసం వెలువడిన గ్రంథాలలో మార్టిన్ బ్లేజర్ రచించిన 'మిస్సింగ్ మైక్రోబ్స్' (2014) విస్తృతంగా చర్చకు వచ్చినది. రచయిత వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. గ్రంథారంభంలో ఆయన తాను ఎన్నడూ చూడని ఇద్దరు మేనత్తలను తలచుకుంటారు. గత శతాబ్దపు తొలినాళ్లలో, రెండేళ్లయినా నిండకుండానే కన్నుమూసిన పసిపిల్లలు వారు. యాంటీబయాటిక్‌లు లేని లోకం ఎలాంటిదో ముందుగా చూపి, ఆ మందుల వల్ల కలిగిన నష్టాన్ని ఆ తర్వాతనే ఆయన వివరించారు. ఈ వరుసక్రమం యాదృచ్ఛికం కాదు. గ్రంథాన్ని ఉటంకించేవారిలో చాలామంది రెండవ భాగాన్నే గుర్తుంచుకుని మొదటి భాగాన్ని విస్మరిస్తున్నారు.

బ్లేజర్ ప్రతిపాదన స్థూలంగా ఇది. మానవ శరీరంలో అనాదిగా సహజీవనం చేస్తున్న బాక్టీరియా తల్లి నుంచి బిడ్డకు వారసత్వంగా అందుతుంది. యాంటీబయాటిక్‌ల మితిమీరిన వాడకం, సిజేరియన్ కాన్పులు మొదలైనవి ఆ వారసత్వాన్ని తరానికింత చొప్పున హరిస్తున్నాయి. స్థూలకాయం, ఆస్తమా, అలర్జీలు, బాల్యంలో వచ్చే మధుమేహం ఏకకాలంలో పెరగడానికి ఈ లోపమే మూలం. ప్రతిపాదన ఒక్కటే అయినా దానికి ఆధారమైన సాక్ష్యాలన్నీ ఒకే బలం గలవి కావు. కొన్ని ప్రయోగాల చేత నిగ్గుదేలినవి, కొన్ని కేవలం సహసంబంధాలు, మరికొన్ని ఊహలు. వీటన్నిటినీ ఒకే స్వరంతో, ఒకే నమ్మకంతో చెప్పడమే ఈ గ్రంథంలోని ప్రధాన లోపం.

పశుపోషణ నుంచి ప్రయోగశాలకు

గ్రంథంలో అత్యంత బలమైన వాదం పశువుల దాణాకు సంబంధించినది. దీని మూలాలు న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో ఉన్నాయి. తెలుగు పాఠకులకు ఇది అపరిచిత స్థలం కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940 నుంచి 1948లో మరణించే వరకు పనిచేసినది అక్కడే. ఆయన పరిశోధనా విభాగానికి నాయకత్వం వహిస్తున్న కాలంలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. తర్వాత అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ బి12 విటమిన్ చవకగా లభించే మార్గం కోసం, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు దాణాగా పెట్టి చూశారు. పిల్లలు విటమిన్ ఒక్కదానితో సాధ్యం కానంత వేగంగా పెరిగాయి. అందుకు కారణం పిప్పిలో మిగిలివున్న యాంటీబయాటిక్ అవశేషమని తేలింది. 1950 నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతటా పాకింది.

బ్లేజర్ ఇక్కడ వేసిన ప్రశ్న సూటియైనది. కోడిని, పందిని, పశువును బలిపించిన మందు మనిషి బిడ్డను బలిపించదా? దీనికి సమాధానంగా ఆయన బృందం ఎలుకలపై చేసిన ప్రయోగాలు ప్రశంసనీయమైనవి. పుట్టుక నుంచి స్వల్ప మోతాదులో పెన్సిలిన్ పొందిన ఎలుకలలో కొవ్వు పెరిగింది. కొద్ది వారాలకే మందు ఆపినా, సూక్ష్మజీవులు మునుపటి స్థితికి చేరుకున్నా ఆ ప్రభావం నిలిచిపోయింది. మందు తిన్న ఎలుకల పేగు బాక్టీరియాను సూక్ష్మజీవరహిత ఎలుకలలోకి ప్రవేశపెడితే అవి కూడా కొవ్వెక్కాయి. లారా కాక్స్ ప్రథమ రచయితగా 2014లోనే 'సెల్' పత్రికలో ప్రచురితమైన ఈ ఫలితాలు, శైశవంలో ఒక కీలక దశ ఉందన్న భావనకు గట్టి ఆధారమయ్యాయి.

అయితే ఎలుక నుంచి మనిషికి వేసిన వంతెన అంత గట్టిది కాదు. ఉత్తర కాలిఫోర్నియాలోని పిల్లల వైద్య రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం (2017) శైశవంలో యాంటీబయాటిక్ వాడకానికి, తర్వాతి స్థూలకాయానికి సంబంధం కనిపించలేదని తేల్చింది. చికిత్స పొందని అంటువ్యాధులతోనే ఆ సంబంధం కనిపించింది. మందు పుచ్చుకున్న బిడ్డ జబ్బుపడిన బిడ్డ కూడా. ఈ రెండింటినీ విడదీయకుండా నింద మందుపై మోపడం తొందరపాటు. బదిలీ ప్రయోగాల విశ్వసనీయతపై కూడా 2020లో జెన్స్ వాల్టర్, సహరచయితలు తీవ్రమైన సందేహం లేవనెత్తారు. రోగుల పేగు బాక్టీరియాను ఎలుకలకు మార్చిన 38 అధ్యయనాలను వారు సమీక్షించగా, 36 రోగలక్షణం కూడా బదిలీ అయిందని ప్రకటించాయి. ఇంతటి విజయం జీవశాస్త్రంలో నమ్మశక్యం కానిదని వారి అభిప్రాయం.

హెలికోబాక్టర్: రెండు ముఖాలు

జీర్ణాశయంలో నివసించే హెలికోబాక్టర్ పైలోరీ బ్లేజర్ జీవితకాల పరిశోధనాంశం. బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన బాక్టీరియా ఇదే. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. జీర్ణాశయ క్యాన్సర్‌తో దీని సంబంధాన్ని స్థాపించిన 1991 నాటి హవాయి అధ్యయనంలో బ్లేజర్ స్వయంగా భాగస్వామి. అటువంటి పరిశోధకుడు తానే ముద్దాయిగా నిలబెట్టిన జీవి పక్షాన తర్వాత వాదించడం శాస్త్రచరిత్రలో తరచుగా కనిపించని దృశ్యం. వృద్ధాప్యంలో హాని చేసే ఈ జీవి బాల్యంలో మేలు చేస్తుందని, ఇది లేనివారిలో అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్నే బాధ, ఆస్తమా ఎక్కువని ఆయన వాదన. ఆలోచనగా ఇది గొప్పది. సాక్ష్యంగా చూస్తే ఆస్తమా భాగం పరిశీలనాత్మక అధ్యయనాలపైనే ఆధారపడింది. ఈ బాక్టీరియా బాల్యంలో ఇరుకిళ్లలో, పేదరికంలో ఎక్కువగా సంక్రమిస్తుంది. కనుక అది లేకపోవడం అనేక ఇతర మార్పులకు గుర్తు మాత్రమే కావచ్చు. రచయిత ఈ అభ్యంతరాన్ని ఎరిగినవారే అయినా దానికి తగినంత చోటివ్వలేదు.

శరీరంలోని కణాలలో 70 నుంచి 90 శాతం మానవేతరమన్న గ్రంథంలోని లెక్క కూడా నేడు నిలవదు. సెండర్, ఫుక్స్, మైలోల 2016 నాటి గణన ప్రకారం బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మానవ కణాలు 30 లక్షల కోట్లు. అంటే దాదాపు సమానం. ఇది బ్లేజర్ ఒక్కరి పొరపాటు కాదు. దశాబ్దాలుగా ఒకరి నుంచి మరొకరు ఎత్తిరాసుకున్న అంకె అది. తెలుగు పత్రికల ఆరోగ్య పుటలలో నేటికీ 'పదింతలు' అన్న మాట చెలామణిలో ఉండడం గమనార్హం.

కాన్పు గదిలో

సిజేరియన్‌పై రాసిన అధ్యాయం తెలుగునాట ప్రత్యేక శ్రద్ధతో చదవదగినది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్ కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఈ పద్ధతిలో పుట్టిన శిశువుల పేగులోని బాక్టీరియా ఆరంభంలో భిన్నంగా ఉంటుందన్నది స్థిరపడిన విషయమే. అయితే 2019లో బ్రిటన్ శిశువులపై వెలువడిన పెద్ద అధ్యయనం, తల్లి పేగు నుంచి రావలసిన బాక్టీరాయిడ్స్ జాతి లోపించడమే ముఖ్యమైన తేడా అని, మిగిలిన వ్యత్యాసంలో అధికభాగం నెలల వ్యవధిలో సన్నగిల్లుతుందని చూపింది. ప్రసవ మార్గం వద్ద బాక్టీరియా అందకపోవడమే సమస్య అన్న గ్రంథ దృక్పథాన్ని ఇది కొంత సడలిస్తుంది. ఆ లోటును తల్లి స్రావాలను శిశువుకు పూయడం ద్వారా పూరించవచ్చన్న 2016 నాటి తొలి ప్రయోగంలో అలా పూయబడిన శిశువులు నలుగురే. అనవసరమైన సిజేరియన్‌లను ప్రశ్నించడానికి తల్లి ప్రాణం, శస్త్రచికిత్స ఉపద్రవాలు, ఖర్చు చాలు. ఇంకా రుజువు కాని ఆస్తమా భయాన్ని తల్లుల నెత్తిన రుద్దనవసరం లేదు.

వారసత్వమా, లేమియా?

గ్రంథం అమెరికాలో పుట్టినది. దాని సమస్య ఆధిక్యం. భారతదేశంలో ఆధిక్యమూ లేమీ పక్కపక్కనే ఉన్నాయి. జలుబుకు సైతం యాంటీబయాటిక్ కొనుక్కునే పట్టణవాసి, న్యుమోనియాకు సకాలంలో మందు అందని పల్లె బిడ్డ ఒకే జిల్లాలో ఉంటారు. కోళ్ల పరిశ్రమ విస్తరించిన తెలుగు రాష్ట్రాలలో దాణాలో మందుల వాడకంపై బ్లేజర్ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారపు జంతువులకు కోలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006లోనే పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు పెట్టడాన్ని పూర్తిగా ఆపివేసింది. మరోవైపు 2018లో ప్రచురితమైన ఆఫ్రికా అధ్యయనంలో నైజర్, మలావీ, టాంజానియా దేశాలలో ఐదేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి రెండు మార్లు అజిత్రోమైసిన్ ఇవ్వగా మరణాలు సుమారు 13.5 శాతం తగ్గాయి. గ్రంథంలోని వాదచట్రంలో ఈ ఫలితానికి చోటు దొరకదు.

బ్లేజర్ కోరిన దిశలో పడిన అడుగు కూడా మన పొరుగునే ఉంది. ఒడిశా గ్రామాలలో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులపై యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగం జరిపింది. ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని, దానికి ఆహారమయ్యే చక్కెరతో కలిపి వారం రోజులు ఇచ్చారు. రక్తదూషణ లేదా మరణం 9.0 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి (2017). ఎన్నుకున్న ఒక రకం, నిర్ణీత మోతాదు, నిర్ణీత వయసు అన్నవి ఈ విజయానికి షరతులు. పెరుగు, చద్దన్నం, అంగట్లో అమ్మే ప్రొబయాటిక్ సీసా అన్నీ ఒకటేనని చెప్పే రాతలకు ఇది ఆధారం కాజాలదు.

లోపించినదే రోగానికి మూలమన్న సూత్రం ఎదుర్కోవలసిన వ్యాధి ఒకటి సుబ్బారావు జీవితంలోనే ఉంది. ఆయన సోదరులు ఇద్దరు ఉష్ణమండల సంగ్రహణితో మరణించారు. ఆయన కూడా ఆ జబ్బు బారినపడి ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. చిన్నపేగులో బాక్టీరియా మితిమీరి పెరగడంతో ముడిపడిన వ్యాధిగా దీనిని నేటి వైద్యం చూస్తోంది. దీనికి ప్రామాణిక చికిత్స నెలల తరబడి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. మొదటిదాన్ని 1945లో సుబ్బారావు నాయకత్వంలోని బృందం కృత్రిమంగా తయారు చేసింది. రెండవది ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినది.