ఎఱ్ఱగీతకు ఇరుప్రక్కల

మహనీయుల జీవితములు చదువునప్పుడు పాత చిట్టాపుస్తకములోని పుటపై నిలువుగా ఎఱ్ఱసిరాతో గీత గీసి, ఎడమప్రక్క ఆ మనిషి వయస్సును, కుడిప్రక్క లోకవృత్తాంతమును వ్రాసికొనుట నాకు చిరకాలపు అలవాటు. ఈ వారము ఆ పుటకెక్కినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున వారు జన్మించునప్పటికే, ఊరికి దిగువను ధవళేశ్వరమున కాటన్ దొరగారి ఆనకట్టపని సాగుచుండెను; అది 1852లో ముగిసినది. పంతులుగారికి పితృవియోగము కలిగినదియు నాలుగేండ్ల వయస్సుననే. డెల్టాకు నీరందిన రోజులలోనే ఆ యింటికి దిక్కు తప్పినదని గడులు రెండును చేర్చి చూచువఱకు నాకు తోచలేదు.

1857 వద్ద కుడిగడిలో ఢిల్లీ, కాన్పూరు, లక్నోలకు చోటు చాలదు. ఎడమ నున్నది తొమ్మిదేండ్ల బాలుడు. తొలినాళ్ళలో ఇట్టి ప్రతి సంగతికిని కుడినుండి ఎడమకు బాణపుగుర్తు గీసెడివాడను. జాతకము గుణించువారి పని యది, మానుకొంటిని. గీత దాటి నిజముగా ఇవతలికి వచ్చినది నీరే. 1876–78 నడుమ ధాత కరవు దక్షిణదేశమున లక్షలమందిని బలిగొన్నప్పుడు కాలువల చలువ మా సీమను కాచినది. ధవళేశ్వరమున ఉపాధ్యాయులై యుండగా 1874లో పంతులుగారు స్థాపించిన ‘వివేకవర్ధని’ పత్రిక ఆ గడ్డుకాలమున నిలుచుటకు ఈ ధాన్యపు నిబ్బరము కొంత కారణమని నా యూహ.

1881 ఫిబ్రవరిలో దేశమంతట ఒక్కమారుగా జనాభా లెక్కలు తీసి, బాలవితంతువులను సైతము వయస్సులవారీగా పట్టికలకెక్కించిరి. ఆ డిసెంబరు 11న పంతులుగారు గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో తొలి వితంతువివాహము జరిపించిరి. ఊరు వెలివేసినది, నీళ్ళు మోయువారు రాకపోగా, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికిఁ బోయి తామే బిందెలతో నీరు తెచ్చిరి.

మిగిలినది త్వరగా వ్రాసితిని: 1900లో గోదావరిపై రైలువంతెన, 1907లో బిపిన్ చంద్రపాల్ గారి రాక, 1910లో రాజ్యలక్ష్మమ్మగారి మరణము, 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. తరువాత నలువదినాలుగు దినములకు, మే 27న, మద్రాసున పంతులుగారు కన్నుమూసిరి.

పుట ముగిసినది గాని మనసు బిందెవద్దనే ఆగినది. మఱియొక పుట త్రిప్పి, రాజ్యలక్ష్మమ్మగారి పేర ఎఱ్ఱగీత గీసితిని. ఎడమగడిలో ‘గోదావరి నీరు తెచ్చుట’ అని వ్రాసితిని. ఎన్ని బిందెలో వ్రాయుటకు మాత్రము లెక్క లేదు.