మెట్టసీమలో ఫోను పరిచర్య

ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో క్రైస్తవ సంఘాన్ని నడిపే కాపరిని ఎవరిని కదిపినా మొదట వచ్చేది వలస మాటే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఎర్రనేలలో చెనక్కాయ విత్తి, ఊడలు దిగే వేళకు చినుకు రాలకపోతే ఆ ఏటి సేద్యం అయిపోయినట్టే. కదిరి, కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపుల నుంచి జనం బెంగళూరు దారి పడతారు. అక్కడ కట్టడాల పక్కన రేకుల షెడ్లలో ఉంటారు. ఆదివారం కూడా కాంక్రీటు పని ఉంటుంది. తెలుగు ఆరాధన జరిగే మందిరం నగరంలో ఎక్కడో ఉన్నా, రెండు బస్సులు మారి వెళ్లి వచ్చేసరికి ఆ రోజు కూలి పోతుంది. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. కాపరి మంద రెండు రాష్ట్రాల్లో పరచుకుని ఉంటుంది.

క్రైస్తవ పరిచర్యకు ఇంటర్నెట్ అనగానే లక్షల మంది చందాదారులున్న యూట్యూబ్ చానెళ్లు, వెలుగుల వేదికలు, హైదరాబాదు స్టూడియోలు గుర్తొస్తాయి. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ముఖ్యమనిపించేది చిన్న సంఘం తన సొంత ఫోనుతో చేసుకునే పని. ఈ కరువు సీమలో అది ప్రధానంగా చెవికి చెందిన పని. చదువు రానివాళ్లకు, చదువు వచ్చినా రాత్రి పదింటికి అలసి పడుకునేవాళ్లకు, కాపరి గొంతు చేరాలి. ఆ గొంతుకు వాళ్లు జవాబు చెప్పగలగాలి. ఈ రెండూ కుదిరిన చోట ఫోను సంఘాన్ని నిలబెడుతోంది.

చెవినే నమ్ముకోవడం తెలుగు సువార్తకు కొత్త కాదు. అచ్చు ముందే వచ్చింది, నిజమే. 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో బెంజమిన్ షుల్ట్జ్ అచ్చు వేయించిన క్రైస్తవ పుస్తకాలే తెలుగులో తొలి అచ్చు పుస్తకాలని చెబుతారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెగ్రాంజెస్‌లు ఆనందరాయర్ సాయంతో అనువాదం మొదలుపెట్టారు. 1812లో శ్రీరాంపూర్‌లో తొలి సువార్తలు అచ్చయ్యాయి. కానీ అచ్చుకాగితం అక్షరం వచ్చినవాడి దగ్గరే ఆగిపోయేది. దాన్ని దాటించింది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవులు మన రాగాల్లో, మన తాళాల్లో కట్టిన పాటలు పలకా బలపం పట్టనివాళ్ల నోళ్లలో నిలిచాయి. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది గనుక ఒక్కరు పాడితే పదిమందికి పట్టుబడుతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం ఇప్పటికీ అచ్చవుతున్నాయి. ఆ పుస్తకం తెరవకుండానే పుస్తకంలో సగం పాడగల అవ్వలు మన సంఘాల్లో ఉన్నారు.

ఆ తర్వాత రికార్డులు వచ్చాయి. 1939లో అమెరికాలో జాయ్ రిడర్‌హాఫ్ మొదలుపెట్టిన గాస్పెల్ రికార్డింగ్స్ సంస్థ అట్టతో చేసిన చిన్న ప్లేయర్లు పంచింది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, చేత్తో తిప్పితే చాలు. లిపి లేని భాషలవాళ్లు ఆ సంస్థకు ముఖ్యమైన శ్రోతలు. మన జిల్లా తండాల్లో వినిపించే లంబాడీలో కూడా దాని రికార్డులున్నాయి. 1970లో సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. శ్రీలంకలోని పుత్తలం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో 882 కిలోహెర్ట్జ్ మీద వినిపించేది. రేడియోలో విశ్వవాణి పేరు విన్న తరం ఇంకా మన మధ్యనే ఉంది. 1978లో విజయచందర్ నటించిన యేసు కథ సినిమా 'కరుణామయుడు' వచ్చాక, తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరుతో ఊరూరా వేశారు.

ఈ వరసలో రేడియోవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది ఒకటి ఉంది. ప్రసారం అయిపోగానే వాళ్ల పని అయిపోయేది కాదు. కార్యక్రమం చివర చిరునామా చెప్పేవారు. ఉత్తరం వస్తే జవాబు రాసేవారు, పోస్టులో బైబిలు పాఠాలు పంపేవారు, వీలైతే దగ్గరలోని సంఘానికి కబురు చేసేవారు. ఒక్క పోస్టుకార్డు వెనక ఒక మనిషి ఉన్నాడని వాళ్లకు తెలుసు. ఇప్పుడు వీడియో కింద వందలకొద్దీ 'ఆమెన్'లు పడుతుంటాయి. అందులో ఒకరు 'నా భర్త తాగుడు మానాలని ప్రార్థించండి' అని రాస్తే దానికీ మరో ఆమెనే పడుతుంది. జవాబు చెప్పే మనిషిని పెట్టుకోకుండా చానెల్ తెరవడం నా దృష్టిలో పెద్ద తప్పు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైంది. చేతిలో ఫోను, అందులో నెట్టు మామూలైపోయాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది. ఏప్రిల్ 10 శుభ శుక్రవారం, 12 ఈస్టర్. మందిరాల తలుపులు మూసే ఉన్నాయి. అంతవరకూ ఫోటోలకే ఫోను వాడిన కాపరులు ఆ వారంలో సిలువ ధ్యానాలు రికార్డు చేసి పంపారు. చాలామందికి ఈ పని పట్టుబడింది అప్పుడే.

చేసే పద్ధతిలో మెలకువలున్నాయి. మొదటిది సైజు. అరగంట ప్రసంగం మామూలు నాణ్యత వీడియోగా, సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున తీసినా 225 ఎంబీ అవుతుంది. అదే ఐదు నిమిషాల మాట 32 కిలోబిట్ల ఆడియోగా ఉంటే 1.2 ఎంబీ. సిగ్నలు ఒక గీత మీద ఊగే చోట కూడా దిగుతుంది. రోజు డేటా అయిపోయినవాళ్లకూ పొద్దున్నే అందుతుంది. కాబట్టి వారానికి ఒక పెద్ద వీడియో కన్నా, వారంలో మూడు రోజులు ఐదేసి నిమిషాల వాక్యం మేలు.

రెండోది గొంతు పట్టే తీరు. మందిరంలో మైకు ముందు పలికే గొంతు ఫోనుకు పనికిరాదు. అక్కడ వందమందిని లేపడానికి స్వరం ఎత్తుతారు. ఇక్కడ వినేది ఒక్కరు, అదీ ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'భ' అక్షరాల దగ్గర గాలి తగిలి బుస్సుమంటుంది. ఫ్యాను ఆపాలి. సిమెంటు గోడల గదిలో మాట మోగుతుంది గనుక రెండు దుప్పట్లు గోడకు వేలాడదీస్తే చాలు, లేదా పరుపులు పెట్టుకునే గదిలో కూర్చోవాలి. తెల్లవారక ముందు, ఊరు నిద్రలేచే లోపల చేసుకుంటే మంచిది. ట్రాక్టర్లు మొదలయ్యాక రికార్డింగు సాగదు. వాక్యభాగం పేరు, అధ్యాయం, వచనం నెమ్మదిగా రెండుసార్లు చెప్పాలి. వచనం గ్రంథంలో ఉన్నట్టే చదివి, ఆ తర్వాత మన ఊరి మాటలో విప్పాలి. 'యాడికి పోతాండావప్పా' అని పలకరించే మనిషికి వార్తలు చదివే భాషలో ఓదార్పు చెబితే అది అతని దాకా రాదు. నేపథ్యంలో కీబోర్డు వాయింపు వద్దు. మొదట ఒక చరణం కీర్తన, అదీ మన సంఘంలో ఎవరైనా పాడింది, ఉంటే చాలు. వలసలో ఉన్న కొడుక్కి తల్లి గొంతో, పక్కింటి అత్త గొంతో అందులో వినబడితే వాడు చివరిదాకా వింటాడు.

పాటల విషయంలో చట్టం కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లవరకు రచన మీద హక్కు వారసులది. పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు, పంచుకోవచ్చు. కానీ ఆ కీర్తనను ఈమధ్య ఒక గాయని పాడిన రికార్డింగు మీద వేరే హక్కు ఉంటుంది. కొత్త పాటలకైతే అడిగి తీసుకోవాలి. వాక్యం పాఠానికీ అంతే. 2019లో వచ్చిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు బైబిలును క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చారు గనుక, ఎవరి అనువాదమో చెప్పి, అదే షరతు మీద చదివి పంచవచ్చు. పరిశుద్ధ గ్రంథాన్ని ప్రకటించేవాళ్లు ఇంకొకరి కష్టాన్ని అడగకుండా వాడుకోకూడదని విడిగా చెప్పనక్కర్లేదు.

రాత పని చేసే సంఘాలకు మరో చిక్కు ఉంది. మన కరపత్రాలు, వార్షికోత్సవ సంచికలు, ధ్యానమాలలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టించినవి. కాగితం మీద చక్కగా ఉంటాయి. ఆ ఫైలు తెచ్చి ఫోనులో అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, అయినా అచ్చు రంగం పాత దారిలోనే నడిచింది. ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, అరసున్నలు ఒకసారి సరిచూస్తే, ముప్పై ఏళ్ల సంచికలు వెతకడానికి దొరుకుతాయి. సంఘంలో డిగ్రీ చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి సెలవుల పని లేదు.

వాట్సాప్ సంగతి వేరు. అందరినీ ఒక గ్రూపులో చేర్చడం సులువు, కానీ అందులో ప్రతి సభ్యురాలి నంబరు అందరికీ కనిపిస్తుంది. కొత్తగా మందిరానికి వస్తున్న ఆడపిల్లకు, ఇంట్లో తెలియకుండా వింటున్న కోడలికి అది ప్రమాదం. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే పంపినది ఒక్కొక్కరికి విడిగా చేరుతుంది, జవాబు కాపరికే వస్తుంది. ఒక లిస్టులో 256 మంది పరిమితి. పైగా అవతలివాళ్ల ఫోనులో కాపరి నంబరు దాచి ఉంటేనే అందుతుంది. ఈ నియమం కొందరికి ఇబ్బందిగా తోస్తుంది గానీ నాకు నచ్చుతుంది. నంబరు దాచుకున్నారంటే రమ్మని పిలిచినట్టే. అడగనివాళ్ల ఫోనులోకి రోజూ దూరడం సువార్త మర్యాద కాదు.

ప్రార్థన మనవుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఫలానా ఇంటి అమ్మాయికి సంతానం లేదని, ఫలానా అన్నకు ఫలానా రోగమని, అప్పులవాళ్లు ఇంటి మీదికి వచ్చారని ప్రేమతోనే గ్రూపులో పెడతారు. సాయంత్రానికి ఆ కబురు బెంగళూరు షెడ్ల దాకా, వియ్యాలవారి ఊరి దాకా పోతుంది. కరువు సీమలో అప్పు మాట బయటపడితే రైతు తల ఎత్తుకోలేడు. పేరు, ఊరు, జబ్బు చెప్పకుండా 'ఒక కుటుంబం కోసం' అంటే దేవుడికి అర్థం కాదా? స్వస్థత సాక్ష్యాలకూ ఇదే వర్తిస్తుంది. మనిషి ఒప్పుకోకుండా ముఖం చూపకూడదు, మందులు మానేశానన్న మాటను ఎంత మాత్రం ప్రచారం చేయకూడదు. వినేవాళ్లలో షుగరు మాత్రల మీద, టీబీ మందుల మీద బతికేవాళ్లున్నారు. క్యూఆర్ కోడు ప్రతి వీడియోలో పెట్టి కానుక అడగడం గురించి కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. కూలిడబ్బులతో రీఛార్జి చేయించుకుని వినేవాళ్లను రోజూ చెయ్యి చాచి అడగడం వాళ్లను బాధపెట్టడమే. సంఘం లెక్కలు సంఘంలో చూసుకుంటే చాలు.

మందిరంలో అన్న మాట మందిరంలో ఆగే రోజులు పోయాయి. ముప్పై సెకన్ల ముక్క కోసి ఎవరైనా ఊరంతా తిప్పగలరు. గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగను హిందువులు, ముస్లిములు కలిసి చేసుకునే జిల్లా మనది. ఇక్కడ పక్కవాడి దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడిన ప్రసంగం క్రీస్తును గొప్ప చేయదు. అలాంటి ముక్క బయటికి వస్తే కాపరి వేరే ఊరు వెళ్లిపోవచ్చు. ఆ నింద మోయాల్సింది మాత్రం ఊళ్లో అందరితో కలిసి బోరు నీళ్లు పట్టుకునే విశ్వాసులే.

ఈ నేల మాటను పనితో తూచుతుంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ ఒకప్పుడు జెసూట్ సభలో ఉన్నవాడు. ఆయన నెలకొల్పిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) మతప్రచార సంస్థ కాదు. బావులు, ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి దాని గుర్తులు. 2009లో ఆయన పోయినప్పుడు అన్ని మతాలవాళ్లూ ఏడ్చారు. ఫోను పరిచర్య చేసేవాళ్లు ఆ ఏడుపును అర్థం చేసుకోవాలి. బెంగళూరులో సారవ నుంచి పడి కాలు విరిగిన కుర్రాడికి వాయిస్ మెసేజ్‌లో ప్రార్థన పంపడం మంచిదే. అదే లిస్టులో ఆ నగరంలో ఎవరున్నారో చూసి, ఒకరిని ఆసుపత్రికి పంపగలిగితే ఆ లిస్టు సంఘమైంది. ఉపాధి హామీ పనుల కబురు, ఆసుపత్రి శిబిరం తేదీ, విత్తన చెనక్కాయ పంపిణీ రోజు వాక్యంతో పాటు చెప్పే కాపరులు నాకు తెలుసు. వాళ్ల మెసేజ్‌లు ఊళ్లో అందరూ వింటారు.

వెంటనే చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంది. పాత కీర్తనలకు మన ఉమ్మడి జిల్లా సంఘాల్లో ఎవరి వరసలు వాళ్లకున్నాయి. గుత్తిలో పాడినట్టు ధర్మవరంలో పాడరు. తండాల్లో లంబాడీలో కట్టుకున్న భజన పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. అవి తెలిసిన గొంతులు ఎనభైకి దగ్గర పడుతున్నాయి. ఒక్కొక్క పెద్దమ్మ దగ్గర కూర్చుని, ఫ్యాను ఆపి, ఫోను జానెడు దూరంలో పెట్టి, పూర్తి చరణాలు పాడించుకోవాలి. ఫైలు పేరులో పాట మొదటి మాట, పాడినవారు ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ రాయాలి. ఒక కాపీ సంఘం ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వంటి చోట ఉంచాలి. డిసెంబరులో పనులు తగ్గి, క్రిస్మస్‌కు వలసవాళ్లు ఊరు చేరినప్పుడు మొదలుపెడితే, ఆ వరసలు ఎరిగినవాళ్లూ నేర్చుకోవలసినవాళ్లూ ఒకే అరుగు మీద దొరుకుతారు.