తూటా పొడవు ఎవరు చెప్పాలి

రైఫిల్ తూటాలు ఇంట్లో కూర్చుకునేవాళ్ళ పుస్తకాల్లో .308 విన్‌చెస్టర్ పేజీ తీస్తే, మొత్తం పొడవు 2.810 అంగుళాలకు మించకూడదని ఉంటుంది. అంటే 71.37 మిల్లీమీటర్లు. అమెరికాలో తూటాల కొలతలకు ప్రమాణాలు పెట్టే 'సామీ' సంస్థ గీసిన హద్దు అది. ఏ కంపెనీ తుపాకీలోనైనా ఇరుక్కోకుండా పట్టాలన్నది దాని ఉద్దేశం.

మలికిపురంలో మా మేనల్లుడికి లేత్ ఉంది. రొయ్యల చెరువుల ఏరియేటర్లకి, బోటు ఇంజన్లకి షాఫ్టులు తీస్తుంటాడు. మొన్న ఫోన్లో తూటాలు కూర్చుకునే నా వ్యాపకం గురించి విని, "పుస్తకంలో కొలత ఉందిగా మావయ్యా, అంతకి పెట్టేస్తే పోలా?" అన్నాడు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యడాన్ని 1959 ఆయుధాల చట్టం ఒప్పుకోదు కాబట్టి అది వాడు చేసే పని కాదు. నేనుండే టెక్సస్‌లో సొంతానికి చేసుకోవచ్చు. కానీ వాడి ప్రశ్న మాత్రం అసలైన ప్రశ్న. "షాఫ్టుకీ బుష్షుకీ మధ్య ఖాళీ నువ్వు పుస్తకం చూసి వదులుతావా, ఆ బుష్షుని కొలిచి వదులుతావా?" అన్నాను. వాడికి వెంటనే అర్థమైంది.

ఇత్తడి కేసు మూతిలో బుల్లెట్‌ని ఎంత లోతున కూర్చోబెడతామన్నదాన్ని బట్టే తూటా పొడవు. తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ దాటాక కాస్త మేర నున్నగా ఉంటుంది. ఆ తర్వాత మెలిక గాళ్ళు మొదలవుతాయి. కాల్చగానే బుల్లెట్ ఆ ఖాళీ దాటి గాళ్ళని పట్టుకోవాలి. ఆ దూరాన్ని జంప్ అంటాం. ఒకే మోడల్ రైఫిళ్ళు రెండింట్లో కూడా గాళ్ళు మొదలయ్యే చోటు ఒకటి కానక్కర్లేదు. అందుకే ఆ కొలత నా తుపాకీనే అడగాలి.

అడిగే పద్ధతి నాకు చాలా ఇష్టం. అడుగున మర తిప్పిన ఖాళీ కేసుని గేజ్ కడ్డీకి బిగించి, మూతిలో బుల్లెట్‌ని వదులుగా పెట్టి ఛాంబర్లోకి తోస్తాను. లోపలున్న సన్నకడ్డీతో బుల్లెట్‌ని మెల్లగా ముందుకి నెడతాను. గాళ్ళ అంచు తగిలి ఆగిపోవడం వేలికొనకి తెలుస్తుంది. ఇంకాస్త బలం పెడితే గాళ్ళలోకి దిగి అబద్ధం చెబుతుంది. అక్కడ స్క్రూ బిగించి, బయటికి తీసి కొలుస్తాను. అదే అంకె మళ్ళీ మళ్ళీ వచ్చేదాకా నోట్‌బుక్కులో రాయను.

కొలిచేటప్పుడు బుల్లెట్ కొనని నమ్మకూడదు. హాలోపాయింట్ మ్యాచ్ బుల్లెట్ల కొనలు ఒకే డబ్బాలో కూడా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. గాళ్ళని తాకేది ముక్కు కొన కాదు, వంపు తిరిగి ఒళ్ళు నిండే చోటు. దాన్ని ఓజైవ్ అంటారు. కాలిపర్‌కి కంపేరేటర్ తగిలించి, కేసు అడుగు నుంచి అక్కడిదాకా కొలవాలి. మ్యాగజైన్లో పడుతుందా లేదా చూసుకోవడానికి మాత్రం కొన దాకా ఉన్న పొడవే లెక్క.

గాళ్ళని తాకించో, వాటిలోకి గుచ్చో తూటా కట్టేవాళ్ళున్నారు. పోటీల్లో దాంతో బాగా కాల్చేవాళ్ళూ ఉన్నారు. నేను చెయ్యను. గాళ్ళకి ఆనితే పీడనం పెరుగుతుంది కాబట్టి మందు మళ్ళీ తక్కువ నుంచి మొదలెట్టి చూసుకోవాలి. పైగా కాల్చకుండా తూటా బయటికి తియ్యాల్సి వస్తే బుల్లెట్ గాళ్ళలోనే ఉండిపోయి, కేసు ఊడొచ్చి, మందంతా తుపాకీ లోపల ఒలికిపోవచ్చు. వేటకెళ్ళేవాడికి అది అసలు పనికిరాదు.

చాలామంది అంగుళంలో వెయ్యికి 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు వెనక్కి తగ్గి మొదలెడతారు. పొడుగు ముక్కు బుల్లెట్లు చేసే బెర్గర్ కంపెనీ సలహా వేరు. గాళ్ళ దగ్గర నుంచి వెయ్యికి 120 వంతుల వెనక దాకా, పెద్ద అంగల్లో నాలుగు చోట్ల చూడమంటుంది. నాకది నచ్చింది. కొత్తవాళ్ళు మొదటి రోజే వెంట్రుకవాసి తేడాల వెంటపడి, మూడేసి గుళ్ళ గుంపులు చూసి మురిసిపోతారు. మూడు గుళ్ళు ఏ చోటనైనా దగ్గరగా పడొచ్చు.

పొడవు మార్చి చూసుకునే ఈ వెసులుబాటు .22 రిమ్‌ఫైర్ వాళ్ళకి లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ అక్కడే 50 మీటర్ల పోటీల్లోనూ దిగాడు. ఆ పోటీల తూటాలు ఫ్యాక్టరీ నుంచి ఎలా వస్తే అలాగే కాల్చాలి. అందుకే పెద్ద షూటర్లు ఈలీ, లాపువా లాంటి కంపెనీల టెస్ట్ రేంజ్‌లకి తమ రైఫిల్‌నే పట్టుకెళ్ళి, లాటు తర్వాత లాటు కాల్చి, తమ బ్యారెల్‌కి నప్పినదాన్నే పెట్టెలకొద్దీ కొంటారు. మేము పొడవు మార్చి వెతికేది వాళ్ళు లాటు మార్చి వెతుకుతారు.

అంతా విని మేనల్లుడు ఇంకోటి అడిగాడు. "గొట్టం అరిగితే?" అరుగుతుంది. వేడి వాయువులు గాళ్ళ మొదలుని తినేస్తాయి, కాల్చేకొద్దీ జంప్ పెరుగుతుంది. దాని వెనకే తూటాని సాగదీసుకుంటూ పోయేవాళ్ళున్నారు. నేను మొదట్లోనే, కాస్త ఇటూ అటూ అయినా గుంపు చెదరని పొడవుని ఎంచుకుంటాను. ఒక్క అంకె దగ్గరే అద్భుతంగా కాల్చి, పక్కకి జరిగితే చెదిరేదాన్ని వదిలేస్తాను, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. తర్వాత అప్పుడప్పుడు గేజ్ పెట్టి గాళ్ళు ఎంత ముందుకి జరిగాయో రాసుకుంటాను. గుంపు నిలబడినంత కాలం బుల్లెట్‌ని కూర్చోబెట్టే డై జోలికి వెళ్ళను.