ఏ గుర్తూ లేని ఎపిసోడ్

2022లో మా రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి మారింది గానీ, మా హాల్లో రిమోట్ మాత్రం అమ్మ చేతిలోంచి మారలేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు బతిమాలి తీసుకుని ఓటీటీలో ఓ సిరీస్ పెట్టాను. కొత్త జంట, కామెడీ, అందరికీ నచ్చుతుందనుకున్నా. తెర మూలన 'యూ/ఎ 16+' అని పడింది.

"పదారు ప్లస్సంటే ఏటిరా?" అంది అమ్మ.

నేను జవాబు వెతుక్కునేలోపే నాన్న పేపర్ అడ్డం పెట్టుకున్నారు. రిమోట్ వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత పెట్టిన సీరియల్లో ఒకావిడ కోడలి పాలల్లో ఏదో కలుపుతోంది. టీవీ సీరియళ్లకి వయసు గుర్తులుండవు కదా, అందరం హాయిగా చూశాం.

మర్నాడు యూట్యూబ్‌లో '30 వెడ్స్ 21' పెట్టాను. 2021లో గర్ల్ ఫార్ములా ఛానెల్లో వచ్చిన సిరీస్ ఇది. దర్శకుడు పృథ్వి వనం. చైతన్యరావు, అనన్య శర్మ జంట. ముప్పయ్యేళ్ల పృథ్వికీ ఇరవై ఒక్కేళ్ల మేఘనకీ పెద్దలు కుదిర్చిన పెళ్లి. లాక్‌డౌన్‌లో ఒకే ఇంట్లో ఇద్దరూ. మేం చూసినప్పుడు దీనికీ ఏ గుర్తూ రాలేదు. అమ్మ నవ్వింది. నాన్న పేపర్ మడిచారు.

నిజానికి ఈ రెండు రోజుల్లో మా ఇంట్లో ఆడినవాటిలో పెద్దవాళ్ల విషయం ఉన్నది ఇందులోనే.

మన సినిమాల్లో మొదటిరాత్రి అంటే పాలగ్లాసు, పూలమంచం, తలుపు బయట జోకులు. ఇక్కడ పృథ్వి, పెళ్లయింది కాబట్టి హక్కుంది అనుకోడు. వయసు తేడాకి మొహమాటపడతాడు, దగ్గరికి వెళ్లడానికి జంకుతాడు. అంగీకారం అనే మాట వాడకుండానే సిరీస్ దాని గురించి మాట్లాడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చింది ఇదే.

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు ఓటీటీలకి ఐదు తరగతులు పెట్టాయి: యూ, యూ/ఎ 7+, 13+, 16+, ఎ. 13+ నుంచి పైన పేరెంటల్ లాక్ ఉండాలి. భాష, హింస, నగ్నత్వం, మత్తు లాంటివాటితో పాటు ఇతివృత్తాన్నీ సందర్భాన్నీ కూడా చూడమన్నాయి. బూతులైతే లెక్కపెట్టొచ్చు. 2023లో 'రానా నాయుడు' వచ్చినప్పుడు మనం గొడవపడింది వాటి గురించే. సందర్భాన్ని ఎలా లెక్కపెడతాం? మేం రాసే కోడ్ ఫోన్ నంబర్‌లో పది అంకెలున్నాయో లేదో చూస్తుంది. ఆ ఫోన్ ఎత్తేదెవరో దానికి తెలీదు. రేటింగూ అంతే.

అయితే సిరీస్‌లో నాకో లోటు కనిపించింది. జంకు అంతా అతనిది, కాబట్టి మన జాలి కూడా అతని మీదే. మేఘన చలాకీతనం ఆ తొమ్మిదేళ్ల తేడాకి మందులా పనిచేస్తుంది. ఇరవై ఒకటికే పెళ్లి తనకి కావాలా అన్న ప్రశ్న నవ్వుల్లో కొట్టుకుపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేనది గమనించలేదు. గమనించేలా చేసింది అమ్మే.

మూడోరోజు పొద్దున్న టిఫిన్ పెడుతూ ఫోన్లో ఫోటో చూపించింది. "బొబ్బిలోళ్లు. అమ్మాయికి ఇరవై రెండు. నిన్న సూసావు కదా, ఆలిద్దరూ ఎంత బాగున్నార్రా!"

నాకు ముప్పై మూడు. పృథ్వి జంకుని అంతసేపు మెచ్చుకున్న నాకు నోట మాట రాలేదు. కాసేపాగి, "ఆ అమ్మాయిని అడిగారా?" అన్నాను.

"సదువు అవ్వగానే సేసెస్తార్ట. అడగడానికేటుంది?" అని, చట్నీ గిన్నె కింద పెట్టి, "నాకు పంతొమ్మిదికి సేసేసారు. నన్నెవులడిగారు?" అంది.

నాన్న టీవీ సౌండు తగ్గించారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మాట నా ముందు రావడం అదే మొదలు.

మొదటిరోజు 16+ అన్న గుర్తు చూసి మేం మాట్లాడుకోకుండా లేచిపోయాం. ఏ గుర్తూ లేని కామెడీ ఈ మాట దాకా తెచ్చింది. రేటింగులు వద్దని కాదు, పిల్లలున్న ఇంట్లో అవసరమే. కాకపోతే తెర మీద ఏం కనబడుతుందో మాత్రమే అవి చెప్పగలవు.

'30 వెడ్స్ 21' అందరితో కలిసి చూడొచ్చు. చూశాక అమ్మని ఆ ప్రశ్న అడిగే ధైర్యముంటే ఇంకా మంచిది. బొబ్బిలి అమ్మాయితో ముందు ఫోన్లో మాట్లాడతానన్నాను. తను వద్దంటే వద్దనే.