గోడ పక్కన బల్బు

ఖిల్లా కింద రంగినీ మహల్ ఉన్న గుర్రంకొండలోనైనా, మదనపల్లె కొత్త ఫ్లాట్లలోనైనా మంచి పెయింటర్‌ది ఒకటే పద్ధతి.

లప్పం ఆరాక, చీకటి పడ్డాక, గోడకు ఆనించినట్టు బల్బు పట్టి చూస్తాడు. పక్కవాటు వెలుగులో ఎత్తుపల్లాలన్నీ నీడలై బయటపడతాయి. తర్వాత మూరెడు మేర రంగు రెండు కోట్లు వేసి, పగలొకసారి, రాత్రి లైటు వేసి ఇంకోసారి చూడమంటాడు.

తొందరపడే ఇంటివాళ్లకు ఇది చాదస్తమనిపిస్తుంది. కానీ 2700 కెల్విన్ బల్బు కింద మీగడ రంగు పసుపెక్కుతుంది, లేత నీలం మాసినట్టవుతుంది. అదే నీలం 6500 కెల్విన్ ట్యూబులైటు కింద తేటపడుతుంది. షాపు లైట్ల కింద రంగుల కార్డు చూసి ఖాయం చేస్తే తంటా ఇక్కడే.

ఎర్ర గచ్చు నేలైతే పగటి ఎండకు గోడ అడుగున ఎర్రఛాయ కూడా పడుతుంది. దాన్నీ లెక్కేసుకుని రంగు చెప్పే మేస్త్రీకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా దండగ కాదు.